లోపం లేని ఊరు

మే 3

ఈ పుస్తకం బడి గిడ్డంగిలో పాత బల్లల కింద దొరికింది. గీతల కాగితాలు, సగం చెదలు తిన్న అట్ట. యంత్రశాలలో రిజిస్టరు ఉండగా ఇదెందుకంటే, ఆ రిజిస్టరు నేను చెప్పింది రాసుకోదు.

పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాను. చమురు చూశాను, గొట్టాల మీద పేరుకున్న మంచు గీకాను, మీటర్లు చదివాను. నాలుగో కంప్రెసర్ దగ్గరికి రాగానే ముక్కు మండింది. అమ్మోనియా. ఊరంతటినీ మూసిన ఈ కప్పు కింద ఉన్న తొమ్మిది వేల మందికి చల్లగాలి దాని పుణ్యమే. బయట నిన్న మధ్యాహ్నం యాభై నాలుగు డిగ్రీలు. అందుకని దాన్ని గొట్టాల్లో భద్రంగా తిప్పడమే నా ఉద్యోగం, ఇరవై ఏళ్లుగా.

"నాలుగో కంప్రెసర్ వాల్వు దగ్గర లీకు. సీలు పోయింది" అని రిజిస్టరుకు చెప్పాను. తెర మీద ఇలా పడింది: "నాలుగో కంప్రెసర్ మన ప్రేమను కోరుకుంటోంది."

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే పడింది. అందరిలాగే నా గొంతు దగ్గర కట్టుకున్న, మాటలు వినే దివ్వె మాత్రం పచ్చరంగు పోయి పసుపుకు తిరిగింది. లీకు, పోయింది, పాడైంది, రోగం, చావు, ఇవన్నీ దానికి చెడ్డ మాటలు. మూడు రోజులు వరసగా పసుపు వెలిగితే ఆ ఇంటివాళ్లు పడమటి వరసకు మారాలి. పడమటి వరస అంటే యంత్రశాల గోడకు ఆనుకుని ఉన్న నూట నలభై ఇళ్లు. మోత, వేడి.

ఇన్‌చార్జి భూషణం దగ్గరికి వెళ్లాను.

"అంతా మంచే" అన్నాడు. ఇక్కడ నమస్కారం బదులు అదే.

"అంతా మంచి కాదు సార్. నాలుగోదాని సీలు పోయింది. ఆపి మార్చల్ల."

అతను ముందు నా దివ్వె చూశాడు, తర్వాత తన దివ్వెను అరచేత్తో మూసుకున్నాడు, నా మాట దానికి అంటుకుంటుందేమో అన్నట్టు.

"నువ్వు వాసన అనుకుంటే వాసనే మద్దమ్మా. నేను పోయి నిలబడితే నాకు రాదు, తెల్సా?"

"అయితే రండి సార్, పోయి నిలబడదాం."

రాలేదు.

మే 7

కొత్త సీలు తెప్పించాలంటే బయటి నగరానికి లోపం ఉందని రాసి పంపాలి. మన ఊరినుంచి అలాంటి కాగితం పోయి పదకొండేళ్లయింది. పెద్ద ద్వారం మీద బోర్డు కూడా ఉంది: "లోపం లేని ఊరు. పదకొండో ఏడు." బయటివాళ్లు దాన్ని చూడటానికి వస్తారు, ఈ ఊరిని నడిపే సుముఖ గురువుగారి పాదాలకు మొక్కి పోతారు. ఇప్పుడు నేను ఒక రబ్బరు చక్రం కోసం ఆ బోర్డు దింపమంటున్నానట. భూషణం మాట అది.

హుసేనయ్య మామ, నేను కలిసి పాత సీలుకే గట్టిగా తాడు చుట్టి, బోల్టులు బిగించాం. మామకు యాభై ఎనిమిదేళ్లు. నాకు స్పానరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మాకిద్దరికీ తెలుసు, అది నాలుగు రోజులు ఆగితే గొప్ప.

మామ ఇల్లు పడమటి వరసలో. భార్య మాబున్నికి ఉబ్బసం. దగ్గుతూ మాట్లాడే మనిషికి దివ్వె ఎప్పుడూ పసుపే, అందుకే రెండేళ్ల కిందటే అక్కడికి మార్చారు. లీకు మొదలైనప్పటినుంచి ఆమెకు మరీ ఎక్కువైంది. పని దిగి చూడటానికి వెళ్లాను. గోడకు ఆనుకుని, మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. మెడ నరాలు తాళ్లలా లేచి పడుతున్నాయి.

"మందిచ్చినారా అత్తా?"

"ఇచ్చినారు" అంది, రెండు ఊపిరుల మధ్య. "నూటెనిమిది సార్లు... నా ఊపిరితిత్తులకు... థ్యాంక్స్ చెప్పమన్నారు."

"చెప్పినావా?"

"ముప్పైయేడు దాకా... వచ్చినా."

అంత బాధలోనూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆరోగ్య మందిరానికి పోయి పీల్చే మందు అడిగాను. అలమరలో ఉంది, అద్దంలోంచి కనపడుతోంది. మందు అడగడమంటే రోగాన్ని ఒప్పుకోవడమట, ఒప్పుకుంటే అది వేళ్లూనుతుందట. ఆ మాట చెప్పిన అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. చెబుతున్నంతసేపూ నా చెయ్యి నిమురుతూనే ఉంది.

మే 12

మాబున్నత్త పోయింది. మధ్యాహ్నం రెండింటికి. నేను పక్కనే ఉన్నాను. నూటెనిమిది పూర్తి కాలేదు.

సాయంత్రం సభలో గురువుగారు హుసేనయ్య మామను వేదిక మీదికి పిలిచారు. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "మన సోదరి మాబున్ని ఏ భావనతో ఈ అనుభవాన్ని పిలుచుకుందో మనం అడగవద్దు. ఆమె ఎంచుకుంది. ఆమె ఎంపికను మనం ఆనందంతో గౌరవిద్దాం" అన్నారు. తర్వాత చప్పట్లు. వీడ్కోలు పండుగలో చప్పట్లు కొట్టాలి, ముందు ఇంటివాళ్లు మొదలుపెట్టాలి.

మామ కొట్టాడు. అరచేతులకు ఇంకా యంత్రం చమురు ఉంది. నవ్వమంటే పెదాలు సాగదీశాడు. కళ్లు మాత్రం ఎదురుగా ఉన్న గోడ మీద ఎక్కడో ఉండిపోయాయి. తొమ్మిది వందల మంది కూర్చునే హాలు మోగిపోయింది.

నేనూ కొట్టాను. ఇది రాసుకోకపోతే ఈ పుస్తకమూ ఆ రిజిస్టరు లాంటిదే అవుతుంది. నేనూ చప్పట్లు కొట్టాను.

మే 13

నిన్నటినుంచి లోపల ఒకటే మంట. ఎవరి మీదో తేల్చుకోవడానికి కూర్చున్నాను.

తొమ్మిదేళ్ల కిందట నా కడుపులో బిడ్డ ఏడో నెలలో చచ్చిపోయింది. ఈ మాట నేను ఎక్కడా అనలేదు, ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను. అప్పుడు గురువుగారి మనుషులు ముగ్గురు ఇంటికి వచ్చారు. చాలా ప్రేమగా అడిగారు, ఆ నెలలో నేను దేనికైనా భయపడ్డానా అని. భయపడ్డాను. మొదటి కాన్పుకు భయపడనిదెవరు? అదే కారణమన్నారు. బిడ్డ నా భయాన్ని విని వెళ్లిపోయిందన్నారు. నేను నమ్మాను. తొమ్మిదేళ్లు ప్రతి పొద్దునా అద్దంలో నన్ను నేను చూసుకుని, నా బిడ్డను చంపిన మనిషిని చూసి నవ్వాను. నవ్వడం సాధన కాబట్టి.

మాబున్నత్తకు కావలసింది పీల్చే మందు. అది అలమరలో ఉంది. ఆమె దేన్నీ పిలుచుకోలేదు. అయితే నేను మాత్రం ఎలా పిలుచుకున్నాను?

ఈ సంగతి తిప్పేస్వామికి చెప్పాను. నా భర్త. సభలో మైకులు చూసుకుంటాడు. వింటూ వింటూ లేచి తలుపు వేశాడు.

"గమ్మునుండు మే. దివ్వె చూడు యెట్ల వెలుగుతాందో. పడమటి వరసకి పంపుతారు."

"పంపనీ. బిడ్డ గురించి నువ్వు ఒక్కసారన్నా ఏడ్సినావా?"

కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయాడు, తినకుండా.

మే 17

చుట్టిన తాడు తడిసి వదులైంది. వాల్వు దగ్గర సన్నగా ఈల వినపడుతోంది. తడి గుడ్డ కట్టుకోకుండా దగ్గరికి పోలేం.

పడమటి వరసలో ఈరమ్మ నన్ను ఆపింది. వంటశాలలో రొట్టెలు చేసే మనిషి. మూడేళ్ల కూతురు బుజ్జమ్మను చంకనేసుకుని ఉంది. ఇద్దరి కళ్లూ ఎర్రగా, నీళ్లు కారుతున్నాయి.

"మద్దక్కా, ఇదేం వాసన? పిల్ల రాత్రంతా కండ్లు నలుపుకుంటానే ఉండాది. అడిగితే ఆనందబాష్పాలంట."

"లీకు. ఇంట్లో ఉండొద్దు, పిల్లను తీసుకుని తూర్పు పక్కకు పో."

"పసుపు దివ్వెతో ఎవరు రానిస్తారక్కా? మూడు రోజులు సభకు వరసగా పోతే పచ్చ వస్తాదంట. పోతాండా."

అక్కడినుంచి నేరుగా గురువుగారి దగ్గరికి వెళ్లాను. ఆపుతారనుకున్నాను, ఆపలేదు. ఆయన మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. డెబ్బై దాటాయి. నాకు కుర్చీ వేసి, తనే మంచినీళ్లు ఇచ్చారు. మొత్తం చెప్పాను. అడ్డు రాకుండా విన్నారు.

"నీకు భయంగా ఉందా తల్లీ?"

"ఉంది స్వామీ. చానా."

"అదే మన పని. నీ భయం." చెంబు కింద పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు. "ఎండలు ముదిరిన మొదటి ఏడు నీకు గుర్తుండదు. నాలుగు వందల మందిమి నడిచి వచ్చాం. ఇక లాభం లేదని ఎవరు కూర్చున్నారో వాళ్లు సాయంత్రానికి లేరు. మా తమ్ముడు కూర్చున్నాడు. లేవరా అని బతిమాలాను. లేవలేదు. మంచి జరుగుతుందని నమ్మినవాళ్లే ఇక్కడిదాకా వచ్చారు. నా కళ్లతో చూశాను. అప్పటినుంచి నా ముందు ఎవరినీ కూర్చోనివ్వలేదు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ క్షణం జాలేసింది కూడా.

"మరి నీళ్లు యాడున్నాయో మీకెట్ల తెల్సింది స్వామీ?"

"ముందు పోయిన ఒకాయన వెనక్కి వచ్చి చెప్పాడు. ఆ దారి ఎండిపోయింది, ఈ దారిన పొండి అని."

"ఎండిపోయిందని చెప్పినాడు గదా. అది చెడ్డ మాట గదా స్వామీ. ఆ మాట వినే గదా మీరు బతికింది?"

మొక్క ఆకు మీద దుమ్ము వేలితో తుడుస్తూ ఉన్నారు. ఇప్పుడు ఒప్పుకుంటారు అనుకున్నాను, దేవుడి సాక్షిగా అనుకున్నాను.

"నువ్వు అలసిపోయావు తల్లీ" అన్నారు చివరికి. "మూడు రోజులు సాధన గదిలో విశ్రాంతి తీసుకో."

జాలి పోయింది. ఇప్పుడు మిగిలింది కోపమే. తెలివితక్కువ మనిషయితే క్షమించేదాన్ని. నేను చెప్పింది ఆయనకు అర్థమైంది, అర్థమయ్యాక పక్కకు తిరిగాడు.

మే 21

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. గొంతు కాలి మాట రావడం లేదు, చెయ్యి మాత్రం బాగానే ఉంది.

సాధన గదిలో మూడు రోజులూ అద్దం ముందు కూర్చోబెట్టి నవ్వించారు. నిన్న పొద్దున తొమ్మిదింటికి సభకని బయటికి వదిలారు. యంత్రశాలలో మామ ఒక్కడే ఉన్నాడు. హాలు నిండా జనం. గురువుగారు మాట్లాడుతున్నారు. పావుగంట గడిచిందేమో, పైన గాలి వచ్చే జాలీలోంచి వాసన దిగింది. ఇంతదూరం వచ్చిందంటే సీలు తెగిపోయినట్టే. పక్కవాళ్లు ముక్కులు ఎగబీల్చారు, కళ్లు నలుపుకున్నారు, మళ్లీ నవ్వుతూ కూర్చున్నారు.

ఊళ్లో సైరన్ లేదు. భయం పుట్టించే చప్పుడని ఏడేళ్ల కిందట తీసేశారు. ఉన్నది మైకు ఒక్కటే. పక్కగదిలోకి పరిగెత్తాను. తిప్పేస్వామి మీటల ముందు కూర్చుని ఉన్నాడు.

"నాలుగోది పగిలింది. నాకు మైకియ్యి."

"మే, వద్దు..."

"పడమటి వరస సచ్చిపోతాది. ఇయ్యి."

నా మొహం చూశాడు. గురువుగారి మైకు ఆపి, ఇంకొకటి నా చేతిలో పెట్టాడు. "చెప్పు" అన్నాడు. పెళ్లయిన పదిహేనేళ్లలో నన్ను అంత సూటిగా చూసింది అప్పుడే.

చెప్పాను. మైకుతో హాల్లోకి వచ్చి, అమ్మోనియా గొట్టం పగిలిందని, ప్రాణాలు పోతాయని, గుడ్డలు తడిపి ముక్కుకు కట్టుకుని తూర్పు ద్వారం దగ్గరికి నడవమని, బలమున్నవాళ్లు పడమటి వరస తలుపులు కొట్టమని. రెండుసార్లు చెప్పాను.

ఒక్కరూ లేవలేదు.

నవ్వుతున్నారు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతుంటే నవ్వుతున్నారు. ఇది తమ నిబ్బరానికి పరీక్ష అనుకున్నారట, తర్వాత తెలిసింది. వెనక వరసలో ఎవరో నాకోసం "అంతా మంచే, అంతా మంచే" అని మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. వాళ్లను జుట్టుపట్టి లాగాలనిపించింది. ఇద్దరిని లాగాను కూడా.

అప్పుడు హుసేనయ్య మామ లోపలికి వచ్చాడు. పెద్ద వాల్వు మూసేసి వచ్చాడు. చేతుల తోలు ఊడి వేలాడుతోంది, కళ్లు తెరుచుకోవడం లేదు. తడుముకుంటూ వేదిక ఎక్కాడు. మైకు అవసరం లేకపోయింది.

"నా మాబున్ని సచ్చిపోయింది!" అని అరిచాడు. "వీడ్కోలు గాదు, పండగ గాదు, సచ్చిపోయింది! ఊపిరాడక నా కండ్ల ముందర సచ్చిపోయింది! మీరూ సస్తారు! లెయ్యండి! లెయ్యండి!"

తర్వాత ఏడ్చాడు. మోకాళ్ల మీద పడి, నేల కొడుతూ, నోరు తెరిచి. ఈ ఊళ్లో పదకొండేళ్లుగా ఎవరూ పైకి ఏడవలేదు. ఆ హాల్లోని పిల్లలు చాలామంది పెద్దవాళ్లు ఏడవడం ఎన్నడూ చూడలేదు. ఒక పసిపిల్ల భయపడి ఏడుపందుకుంది. దాని తల్లి లేచింది. ఆమె పక్కన ఇంకొకామె లేచింది. ఒక్కసారిగా బెంచీలు పడిపోయిన చప్పుడు. తోసుకుంటూ, తిట్టుకుంటూ, ఏడుస్తూ కదిలారు.

నేనూ తిప్పేస్వామీ ఇంకో ముప్పై మందీ పడమటి వరసకు పరిగెత్తాం. తెల్లని పొగ మోకాళ్లదాకా ఉంది. తలుపు తర్వాత తలుపు. మోసుకొచ్చినవాళ్లు నూటికి పైనే. మోసుకొచ్చేసరికే పోయినవాళ్లు ఆరుగురు.

ఈరమ్మ సభలో ఉంది. మూడో రోజు హాజరు. బుజ్జమ్మను పక్కింటి అవ్వ దగ్గర వదిలి వచ్చింది. అవ్వ పిల్లను కొంగులో చుట్టి మంచం కింద దాక్కుంది. పొగ కిందినుంచే వచ్చింది.

మే 24

మూడు కంప్రెసర్ల మీద నడుపుతున్నాం. ఊళ్లో ముప్పై ఎనిమిది డిగ్రీలు. జనం చిరాకుతో నీళ్ల దగ్గర కొట్లాడుకుంటున్నారు, ఒకరినొకరు నానా మాటలూ అంటున్నారు. దివ్వెలు చాలామంది తెంపేశారు. సీళ్లు పంపమని తిప్పేస్వామి బయటి నగరానికి కాగితం రాసి పంపాడు. భూషణం సంతకం పెట్టనంటే నలుగురు ఆడవాళ్లు అతని బల్ల చుట్టూ నిలబడ్డారు. పెట్టాడు.

మామకు ఒక కన్ను వస్తుందంటున్నారు. రెండోది రాదు. ఆరోగ్య మందిరం అలమర పగలగొట్టి మందులు తెచ్చుకున్నాం. ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయే అద్దం పెంకులు ఊడ్చి, ఏ మందు దేనికో చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది.

ఇవాళ పొద్దున ఐదింటికి, ఎండ రాకముందు, కప్పు బయట ఆరు గుంతలు తవ్వాం. ఊరు ఊరంతా వచ్చింది. గురువుగారూ వచ్చారు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మననూలేదు. ఏదో చెప్పబోయి చేతులు జోడించారు. అలవాటు కొద్దీ వెనకెక్కడో రెండు చప్పట్లు పడి ఆగిపోయాయి.

ఈరమ్మ చిన్న మూటను ఒళ్లో పెట్టుకుని గుంత అంచున కూర్చుని ఉంది. తలెత్తింది. గొంతులో కోపం కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"మూడేండ్ల పిల్ల సామీ. ఏం తలుచుకుని ఉంటాది, ఈ పొగను పిలుచుకోనీకి?"

నేను ఆయన మొహమే చూస్తున్నాను. పెదాలు కదిలాయి, ఆగాయి. నవ్వు కోసం వెతుక్కున్నట్టు బుగ్గలు ఒకసారి పైకి లేచి, నిలవలేక జారిపోయాయి.

"తెలియదు తల్లీ" అన్నారు.

ఈరమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది.

"తెలీనప్పుడు చెప్పగూడదు సామీ" అంది.

మూట నాకందించింది. నేను గుంతలోకి దిగాను.